చంపానన్న మకడీ

వజీరున్నీసా ఇంట్లో సాలీళ్ళకు దొరికే మర్యాద అల్లుళ్ళకు కూడా దొరికేది కాదు. ఈ మాట ఆమె ఇద్దరు అల్లుళ్ళూ నవ్వుతూనే అనేవాళ్ళు గాని, అందులో అబద్ధం లేదు. బొద్దింక కనిపిస్తే ఆమె చెప్పు అందుకునేది. బల్లి కనిపిస్తే చీపురు. సాలీడు కనిపిస్తే మాత్రం వంటింట్లోంచి గాజు గ్లాసూ, టీవీ వెనక దాచిపెట్టిన పాత పెళ్ళికార్డూ తెచ్చేది. సాలీడు మీద గ్లాసు బోర్లించి, గోడకూ గ్లాసుకూ మధ్య కార్డు మెల్లగా దూర్చి, మొత్తాన్నీ పట్టుకుని బాల్కనీలోకి నడిచేది. "పో, నీ ఇల్లు నువ్వు చూసుకో," అని వదిలేసి వచ్చేది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళు అరిగిపోయాయి, కాని ఆ పని చేసేటప్పుడు ఆమె చేతులు ఏనాడూ వణకలేదు.

జగిత్యాలలో చిన్నప్పుడు తల్లి చెప్పిన మాట అది. ప్రవక్త శత్రువుల కంటపడకుండా గుహలో తలదాచుకున్న రోజు, గుహ వాకిట గూడు అల్లి కాపాడింది సాలీడే, ఆ తల్లి మాటల్లో మకడీ. అలాంటి పురుగు మీద చెయ్యెత్తితే చేసిన మేలు మరిచినట్టేనని ఆ తల్లి నమ్మింది, కూతురి చేత నమ్మించింది. వజీరున్నీసా ఆ తర్వాత తల్లి చెప్పిన మాటలు చాలానే మరిచిపోయింది. ఇది మాత్రం మరవలేదు.

కోడలు జువేరియా దగ్గర ఈ మర్యాదలు సాగేవి కావు. ఆమె అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో ముందు బల్ల దగ్గర ఉద్యోగం చేసేది. రోజంతా వందమంది పిల్లలకు ఫీజులూ టైమింగులూ చెప్పి చెప్పి ఇంటికొచ్చేసరికి గోడ మూల బూజు కనిపిస్తే ఆమెకు ఒళ్ళు మండేది. అత్తాకోడళ్ళ మధ్య వేరే తగువు లేదు. ఇంట్లో సగం ఉర్దూ, సగం తెలుగు మాట్లాడుకుంటూ, ఒకరి చేతి కూర ఒకరు మెచ్చుకుంటూ బాగానే ఉండేవాళ్ళు. ఉన్న ఒక్క తగువూ ఎనిమిది కాళ్ళది.

రంజాన్ పండుగ అయిన తర్వాతి ఆదివారం కూలర్ బయటికి తీశారు. కొడుకు ఫహాద్ దాని తలుపులు ఊడదీసి పాత గడ్డి పీకుతుంటే, ఖాళీ తొట్టి మూలలో జువేరియాకు కనిపించింది అది. శనగ గింజకన్నా కొంచెం పెద్దది. నూనె రాసినట్టు నల్లగా నిగనిగలాడుతోంది. వీపు మీద ఎర్రటి గీత.

జువేరియా ఫోన్ తీసి ఏదో వెతికింది. మొహం రంగు మారింది.

"అమ్మీ, ఇది మామూలు మకడీ కాదు. గిది విషం పురుగు. ఇంట్ల పిల్లగాడు తిరుగుతుండు. దీన్ని చంపాలె."

"నువ్వు జరుగు. నేను చూసుకుంట."

"మీరు వదిలేస్తరు. నాకు తెల్వదా."

"చంపుత అంటున్న కద."

వజీరున్నీసా గ్లాసూ కార్డూ తెచ్చింది. దాన్ని పట్టుకుని బాల్కనీలోకి పోయింది. అక్కడ కలబంద కుండీ, దాని పక్కనే బూట్ల స్టాండు ఉన్నాయి. గ్లాసు పైకెత్తి చూసింది. ఆ చిన్న ప్రాణి కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంది. ఆమెకు జాలేసింది. కుండీ వెనక గ్లాసు వంచి, గోడవైపు మెల్లగా జార్చింది. లోపలికొచ్చి గ్లాసు కడుగుతూ, "చంపిన," అంది.

ఆ ఇంట్లో ఆమె అబద్ధం ఆడటం అరుదు. షుగర్ మనిషి గనక దొంగచాటుగా తిన్న జిలేబీల గురించి ఆడేది, అంతే. కోడలు నమ్మింది. "షుక్రియా అమ్మీ," అని కూడా అంది. ఆ షుక్రియా మధ్యాహ్నం దాకా వజీరున్నీసాను వదల్లేదు, సాయంత్రానికి మరిచిపోయింది.

బూట్ల స్టాండు పై అరలో జువేరియా చెప్పులు, నడిమి అరలో వజీరున్నీసా మెత్తటి బూట్లు, షుగర్ ఉన్నవాళ్ళ కోసం డాక్టర్లు రాసిచ్చే రకం. కింది అరలో మనవడు అబూబకర్ బడి బూట్లు. నల్లవి రోజూ వేసుకునేవి. తెల్ల గుడ్డ బూట్లు మాత్రం శనివారం, ఆటల పీరియడ్ కోసం. అంటే వారంలో ఆరు రోజులు ఆ తెల్ల బూట్లను ఎవరూ ముట్టరు.

శనివారం పొద్దున ఏడుంపావుకు, ఒంటిపూట బడికి ఆటో కింద హారన్ కొడుతుండగా, వజీరున్నీసా మనవడిని బాల్కనీ గడప మీద కూర్చోబెట్టి ఎడమ బూటు తొడిగింది. వాడు కాలు విదిలించి బయటికి లాగేశాడు, బూటు స్టాండు దగ్గర బోర్లా పడింది.

"దాదీ, కుచ్చింది."

"ఏం కుచ్చింది?"

బొటనవేలి పక్కన చిన్న ఎర్ర చుక్క. దోమ కుట్టినంత కూడా లేదు. ఆమె బూటులో వేలు పెట్టి తిప్పి చూసింది. ఏమీ తగల్లేదు. చుక్క మీద బొటనవేలితో రుద్ది, "రాయి ఉండె గావచ్చు, పడిపోయింది," అని మళ్ళీ తొడిగి లేసు కట్టింది. ఆటో మళ్ళీ హారన్ కొట్టింది. ఏడేళ్ళ పిల్లవాడు కొంచెం కుంటుకుంటూ మెట్లు దిగిపోయాడు.

తొమ్మిదింటికి బడి నుంచి ఫోన్. పది దాటేసరికి పిల్లవాడు పంజాగుట్టలో ఒక ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. ఫహాద్ కంపెనీ పని మీద జహీరాబాద్ పోయి ఉన్నాడు, బయల్దేరుతున్నానని చెప్పాడు. మంచం పక్కన ఇద్దరు ఆడవాళ్ళే.

అబూబకర్ మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, పళ్ళు బిగబట్టి మూలుగుతున్నాడు. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. కడుపు మీద చెయ్యి వేస్తే చెక్కలా గట్టిగా ఉంది. డ్యూటీ డాక్టర్ సుమశ్రీ రాజమండ్రి అమ్మాయి, కళ్ళకింద నిద్రలేని నలుపుతో, పిల్లవాడిని బుజ్జగిస్తూనే గబగబా అన్ని పరీక్షలూ చేయించింది. పెద్ద సర్జన్ వచ్చి నొక్కి చూశాడు. స్కానింగులో గ్యాస్ అడ్డం పడి అపెండిక్స్ సరిగ్గా కనిపించలేదు. రక్తంలో తెల్లకణాలు పెరిగాయి.

"అపెండిక్స్ లాగే ఉందండి," అంది సుమశ్రీ. "లోపల పగిలితే చాలా ప్రమాదం. ఒంటిగంటకి థియేటర్ ఖాళీ అవుతుంది. సర్ ఆపరేషన్ చేసేద్దామంటున్నారు."

జువేరియా తలూపింది. ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. వజీరున్నీసా కాళ్ళ వైపు కూర్చుని, చేతనైన దువా చదువుకుంటూ మనవడి పాదాలు నిమరసాగింది. వాడికి జ్వరం వచ్చినా, భయం వేసినా అలా పాదాలు నిమిరితేనే నిద్రపట్టేది.

కుడి పాదం పొడిగా ఉంది. ఎడమ పాదం తడిగా ఉంది.

ఆమె కొంగుతో తుడిచింది. రెండు నిమిషాల్లో మళ్ళీ తడి. మడమ నుంచి వేళ్ళ దాకా చెమట చుక్కలు గింజల్లా లేచాయి. ఏసీ గదిలో, ఒక్క పాదానికి. కుడి పాదం ముట్టుకుంది, చల్లగా పొడిగా ఉంది. ఎడమ కాలి మీద సన్నటి నూగు కూడా నిక్కబొడుచుకుని ఉంది. బొటనవేలి పక్కన పొద్దుటి ఎర్ర చుక్క చుట్టూ పాలిపోయిన గుండ్రటి మచ్చ.

ఎడమ బూటు. కింది అర. కలబంద కుండీ.

ఆమె వేళ్ళు ఆగిపోయాయి. దువా మధ్యలో ఏ మాట దగ్గర ఆగిందో గుర్తు రాలేదు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పదకొండున్నర అయింది, పావుతక్కువ పన్నెండు అయింది, ఆమె ఆ తడి పాదాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చునే ఉంది. కాలికి కుడితే కడుపెందుకు నొస్తది అని తనకు తానే చెప్పుకుంది. డాక్టర్లు చదువుకున్నోళ్ళు, వాళ్ళకు తెల్వదా అనుకుంది. మనిషి తప్పు ఒప్పుకోకుండా ఉండటానికి ఎన్ని దారులు వెతుకుతాడో అన్నీ వెతికింది. చివరికి సుమశ్రీ సెలైన్ చూడటానికి వచ్చినప్పుడు, కోడలికి వినపడనంత మెల్లగా అడిగింది.

"డాక్టరమ్మా, పురుగు కుడితే కడుపు నొస్తదా?"

"ఏ పురుగండి?"

"ఏదన్న. దోమ అసొంటిది."

"దోమ కుడితే కడుపు నొప్పి రాదమ్మా. మీరు కంగారు పడకండి."

ఒక్క క్షణం వజీరున్నీసాకు ప్రాణం తేలికపడింది. అడిగాను, కాదన్నది, నా బాధ్యత తీరింది. ఆ తేలిక తనకు తెలిసి, మరుక్షణమే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. దోమ గురించి అడిగితే దోమ జవాబే కదా వస్తుంది.

నర్సు పచ్చ గౌను తెచ్చి మంచం మీద పెట్టింది. జువేరియా చేతికి కాగితాలూ పెన్నూ ఇచ్చి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. అబూబకర్ ఆ గౌను చూశాడు. మూలుగు ఆపి నాయనమ్మ వైపు తిరిగాడు.

"దాదీ, నన్ను కోస్తరా?"

వజీరున్నీసా లేచి నిలబడింది. మోకాళ్ళు ఎప్పటిలా కలుక్కుమనలేదు, లేదా అన్నా ఆమెకు తెలియలేదు.

"జువేరియా, గా మకడీని నేను చంపలే."

జువేరియా పెన్ను కాగితం మీదే ఉంది. "ఏ మకడీ?"

"కూలర్ల దొరికింది. ఎర్రగీతది. చంపిన అని చెప్పిన గని, వదిలేసిన. కలబంద కుండీ ఎన్క. పొద్దున పోరగాడు బూటు ఏసుకుంటుంటె కుచ్చింది అన్నడు. నేను రాయి అనుకున్న. వీని ఒక్క కాలుకే చెమట పడుతుంది, చూడు."

జువేరియా అత్తను చూసింది. ఆ చూపులో కోపం ఉండి ఉంటే వజీరున్నీసా తట్టుకునేది. అందులో కోపం లేదు. తెలిసిన మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు ఉంది.

"మీరు చంపిన అన్నరు అమ్మీ," అంది. అంతే.

సుమశ్రీ అప్పటికే పిల్లవాడి పాదం చేతిలోకి తీసుకుంది. కుడి పాదం ముట్టుకుంది, మళ్ళీ ఎడమది. చుక్క మీద ఫోన్ లైటు వేసింది. సాలీడు రంగు అడిగింది, సైజు అడిగింది, గీత వీపు మీదా కడుపు మీదా అని అడిగింది. జువేరియా ఆదివారం తను ఫోన్లో చూసిన బొమ్మ వెతికి తీసి చూపించింది.

"దీని గురించి పుస్తకంలో అరపేజీ చదివాను. ఎప్పుడూ చూడలేదు," అంది సుమశ్రీ నెమ్మదిగా. "ఇది కుడితే కడుపు ఇలాగే గట్టిపడుతుంది. అచ్చం అపెండిక్స్ లాగే. అదే అయితే కొయ్యక్కర్లేదు, మందులతో తగ్గుతుంది. కాని అది కాకపోతే, మనం ఆగినకొద్దీ అపెండిక్స్ పగిలిపోవచ్చు." ఆమె గోడ గడియారం చూసింది. పన్నెండు దాటి అయిదు నిమిషాలు. "ఇలా ఉండొచ్చు అని చెప్పి సర్‌ని ఆపలేనండి. ఆ సాలీడు కావాలి. నలిగిపోతే గుర్తుపట్టలేం. ఒంటిగంటలోపు తేగలరా?"

జువేరియా హ్యాండ్‌బ్యాగులోంచి ఇంటి తాళం తీసి అత్త చేతిలో పెట్టింది.

"చంపకుండ తేవాలంట," అంది.

పంజాగుట్ట చౌరస్తాలో బండ్లు అంగుళం కదలడం లేదు. వజీరున్నీసా ఆటో మాట మరిచి మెట్రో లిఫ్టు ఎక్కింది. ఒక్క స్టేషనే. రెండు నిమిషాల ప్రయాణం. ఆ రెండు నిమిషాలూ ఆమె కూర్చోలేదు, తలుపు దగ్గరే కడ్డీ పట్టుకుని నిలబడింది. ఇన్నేళ్ళలో ఎన్ని మకడీలను వదిలింది. వదిలినదాన్ని మళ్ళీ ఎన్నడైనా చూసిందా. పట్టుకుని బయట వేయడం వరకే ఆమె పని, అది ఆ తర్వాత ఎక్కడికి పోయిందో ఆమెకు ఎప్పుడూ పట్టలేదు. ఆరు రోజుల కిందటి పురుగు ఇంకా అక్కడే ఉంటుందన్న నమ్మకం ఏముంది.

అమీర్‌పేటలో దిగి, గల్లీలోకి దాదాపు పరుగున తిరిగింది. వాళ్ళ ఇంటి కింద టైలర్ షాపు అంబదాస్‌ది. సిరిసిల్ల మనిషి, ఇరవై ఏళ్ళుగా ఆ గల్లీలో బ్లౌజులు కుడుతున్నాడు. మిషన్ ఆపి లేచాడు.

"ఏమైంది అక్క, గట్ల ఉరుకొస్తున్నవ్?"

"భాయ్, టార్చి తీస్కొని పైకి రా. మూత ఉన్న డబ్బా ఏదన్న తే. లోపల కనపడేది."

అంబదాస్ అడ్డమైన ప్రశ్నలు వేసే మనిషి కాదు. గుండీలు దాచుకునే ప్లాస్టిక్ సీసా ఒకటి బల్ల మీద బోర్లించాడు. గుండీలు నేలంతా దొర్లాయి. ఒక చేత్తో సీసా, టార్చీ, రెండో చేత్తో బట్ట కొలిచే ఇనుప స్కేలు పట్టుకుని ఆమె వెనక మెట్లెక్కాడు. మెట్ల మీదే ఆమె సంగతి చెప్పింది.

బాల్కనీలో ఎండ మండుతోంది. బూట్ల స్టాండు కింది అరలో తెల్ల బూట్ల చోటు ఖాళీగా ఉంది. వజీరున్నీసా గ్లాసూ పెళ్ళికార్డూ తెచ్చుకుని, కష్టపడి నేల మీద కూర్చుని టార్చి వేయించింది. కింది అరకూ గోడకూ మధ్య గూడు ఉంది. ఆమె చూసిన గూళ్ళలాంటిది కాదు. చక్రం లేదు, వరస లేదు, అటూ ఇటూ చిందరవందరగా లాగి కట్టిన దారాలు. కార్డు అంచుతో ఒకటి తాకితే చిటుక్కుమని తెగింది. ఆ దారాల నడుమ, బఠాణీ గింజంత తెల్లటి ఉండ ఒకటి వేలాడుతోంది. దాని వెనక, స్టాండు ఇనుప కాలు సందులో, నిగనిగలాడుతూ నల్లగా అది.

వదిలిన చోటు నుంచి జానెడు దూరం కూడా పోలేదు.

గ్లాసు పట్టలేదు. సందు చిన్నది, గ్లాసు మూతి పెద్దది. సీసా మూతి కూడా అంతే. స్టాండు జరిపితే గూడు చినిగి ఎటు పారిపోతుందో తెలియదు. ఇన్నేళ్ళ విద్య ఆ రెండు వేళ్ళ సందు దగ్గర ఆగిపోయింది. లోపల గోడ గడియారం పన్నెండూ ఇరవై ఎనిమిది చూపిస్తోంది.

"అక్క, నేను పొడుస్త జరుగు," అన్నాడు అంబదాస్.

"వద్దు. నలిగితె డాక్టర్ గుర్తుపట్టదంట."

ఆమె పెళ్ళికార్డు మూలను సన్నగా మడిచి, ఒక దారం మీద ఆనించింది. తాకీ తాకనట్టు కదిపింది. ఆపింది. మళ్ళీ కదిపింది. గూట్లో చిక్కుకున్న ఈగ ఎలా కొట్టుకుంటుందో చిన్నప్పుడు జగిత్యాల ఇంట్లో గంటల తరబడి చూసిన మనిషి ఆమె. నలుపు కదల్లేదు. చెమట ఆమె కంట్లోకి కారింది, తుడుచుకోలేదు. మళ్ళీ కదిపింది. ఈసారి ఒక కాలు బయటికి వచ్చి దారాన్ని తడిమింది. తర్వాత ఇంకొకటి. అది దిగడం మొదలుపెట్టింది.

దిగి, కార్డు అంచు దాకా వచ్చి, ఒక్కసారిగా పక్కకు తిరిగింది. అంబదాస్ టార్చి పట్టుకున్న చేతి వైపు పరుగెత్తింది. అంబదాస్ వెనక్కి జరిగి, ఆలోచించకుండానే స్కేలు ఎత్తి కొట్టాడు.

వజీరున్నీసా చెయ్యి అడ్డం పెట్టింది. ఇనుప దెబ్బ మణికట్టు ఎముక మీద పడింది. రెండో చేత్తో సీసా నేలమీద బోర్లించింది. నల్లటి చుక్క సీసా లోపల ఉంది, కాళ్ళు ఆడిస్తూ, ఒక్కటీ విరగకుండా.

"అయ్యో అక్క, చెయ్యి విరిగిందేమో చూడు."

"కార్డు దూర్చు భాయ్. నా చేతులు వణుకుతున్నయ్."

సీసా కింద కార్డు దూర్చి, తిప్పి, మూత బిగించారు. లేచేటప్పుడు ఆమె కన్ను నడిమి అర మీద పడింది. పొద్దున హడావిడిలో వేసుకోని తన మెత్తటి బూట్లు అక్కడే ఉన్నాయి, తెల్ల బూట్ల చోటుకు జానెడు పైన. యా అల్లా, నా బూటులోకి పోతే ఏం పోయేది, అనుకుంది. తెల్లటి ఉండ గూట్లో అలాగే వేలాడుతోంది. దాని సంగతి చూసే వ్యవధి లేదు.

అంబదాస్ స్కూటర్ మీద, బుర్ఖా లోపల సీసాను పొట్టకు ఆనించి పట్టుకుని కూర్చుంది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర మూడుసార్లు ఎరుపు పడింది. మూడోసారి అంబదాస్ ఎవరో తిడుతున్నా వినకుండా ఫుట్‌పాత్ మీదికి ఎక్కించాడు. ఆస్పత్రి లిఫ్టు దగ్గర జనం. ఆమె మెట్లెక్కింది, రెండు అంతస్తులు, కడ్డీ పట్టుకుని, వాచిన చేత్తో.

థియేటర్ బయట స్ట్రెచర్ మీద అబూబకర్ పచ్చ గౌనులో ఉన్నాడు. జువేరియా స్ట్రెచర్‌కీ తలుపుకీ మధ్య నిలబడి ఉంది. ఒక నర్సు ఆమెతో కోపంగా ఏదో అంటోంది. జువేరియా చేతిలో ఫోన్ లోంచి ఫహాద్ గొంతు గట్టిగా వినిపిస్తోంది. "సంతకం పెట్టు జువేరియా, పోరనికి ఏమన్న అయితె ఎవలు జవాబు. అమ్మీ మాట పట్టుకొని కూసుంటవా. ఒకసారి అబద్ధం చెప్పింది కద."

జువేరియా కాగితాలను ఛాతీకి హత్తుకుని పట్టుకుంది. సంతకం చోటు ఖాళీగా ఉంది.

"ఇంకో అయిదు నిమిషాలు," అంటోంది నర్సుతో. "మా అమ్మీ తెస్తది. తెస్తది అని చెప్తున్న కద."

గోడ గడియారంలో ఒంటిగంట దాటి మూడు నిమిషాలు. వజీరున్నీసా సీసా పైకెత్తి చూపించింది.

సర్జన్ మాస్కు కిందికి లాగి, సీసాను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. సుమశ్రీ ఫోన్లో బొమ్మ పక్కన పెట్టింది. ఇద్దరూ పిల్లవాడి పాదం మళ్ళీ చూశారు. సర్జన్ గడ్డం గోక్కుని, "రెండు గంటలు చూద్దాం. మందులకు కడుపు మెత్తబడకపోతే మాత్రం నేను ఆగను," అన్నాడు.

ఆ రెండు గంటల గురించి వజీరున్నీసా తర్వాత ఎవరికీ చెప్పుకోలేదు. ఇంజెక్షన్లు పడ్డాయి. పావుగంటకోసారి సుమశ్రీ వచ్చి కడుపు నొక్కి చూసి వెళ్ళిపోయేది. అత్తాకోడళ్ళు మంచానికి చెరోపక్క కూర్చున్నారు. రెండున్నరకు అబూబకర్ మోకాళ్ళు వదులు చేశాడు. మూడింటికి కాళ్ళు చాపుకున్నాడు. సుమశ్రీ కడుపు మీద చెయ్యి వేసింది, చెయ్యి కొంచెం లోపలికి దిగింది. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. "తగ్గుతోందండి," అంది. జువేరియా అప్పుడు ఏడ్చింది, మొహం గోడవైపు తిప్పుకుని, అత్తకు కనపడకుండా.

ఆదివారం సాయంత్రం పిల్లవాడిని ఇంటికి పంపేశారు. సీసాను సుమశ్రీ తన దగ్గరే ఉంచుకుంది, కాలేజీలో చూపిస్తానంది. వజీరున్నీసా మణికట్టుకు కట్టు కట్టారు, ఎముక చిట్లింది. ఫహాద్ వచ్చాడు గాని, తల్లి మొహం వైపు చూడలేదు. జువేరియా మందులు వేళకు ఇచ్చింది, అన్నం వడ్డించింది. "అమ్మీ" అన్న పిలుపు మాత్రం లేదు.

సోమవారం పొద్దున అందరూ టీ తాగుతుండగా వజీరున్నీసా పెద్ద గిన్నెలో నీళ్ళు పెట్టింది. మరిగేదాకా పొయ్యి దగ్గరే నిలబడింది. పట్టకారుతో బాల్కనీలోకి పోయి, గూట్లోంచి ఆ తెల్లటి గుడ్ల ఉండను కొంగుకు కూడా తగలకుండా తీసి ఇనుప బకెట్‌లో వేసింది. వాచిన చేత్తో గిన్నె ఎత్తలేక రెండుసార్లు దించింది. మూడోసారి ఎత్తి పోసింది. ఉండ తేలింది, విప్పుకుంది, నీళ్ళ మీద ఆవగింజల కన్నా చిన్న చుక్కలు పరుచుకున్నాయి. వందో, రెండు వందలో. ఆమె తల్లిని తలుచుకుంది. క్షమించమని అడగలేదు. అడగాల్సింది అక్కడ కాదనిపించింది.

తర్వాత గిన్నె కింద పెట్టి లోపలికి కేకేసింది.

"జువేరియా, జర ఇటు రా."

జువేరియా టీ గ్లాసుతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"చంపిన," అంది వజీరున్నీసా. "వచ్చి చూడు. నా మాట మీద వదిలెయ్యకు."

జువేరియా గ్లాసు పక్కన పెట్టి బకెట్ దగ్గర గొంతుక్కూర్చుంది. వజీరున్నీసా మనసులో ఎక్కడో, పర్వాలేదు అమ్మీ, చూడక్కర్లేదు అంటుందేమో అన్న ఆశ ఉండింది. అనలేదు. జువేరియా నిజంగానే చూసింది. పట్టకారు తీసుకుని నీళ్ళు కలిపి అడుగుదాకా చూసింది. కుండీ జరిపి వెనక చూసింది. స్టాండు నాలుగు కాళ్ళ సందులూ టార్చి వేసి చూసింది. అంతసేపూ వజీరున్నీసా గోడకు ఆనుకుని నిలబడింది. ఆ చూపు ప్రతి మూలకూ పోతుంటే ఆమెకు మణికట్టు దెబ్బకన్నా ఎక్కువ నొప్పి పుట్టింది. అయినా తను వెళ్ళి కుండీ వెనకకు ఇంకొంచెం వెలుతురు పడేలా తలుపు పూర్తిగా తెరిచింది.

జువేరియా లేచింది. వజీరున్నీసా కట్టు మార్పించుకోవడానికి ఆ పూట ఆస్పత్రికి పోవాలి. ఆమె స్టాండు వైపు ఒక అడుగు వేసేలోపే జువేరియా నడిమి అరలోంచి మెత్తటి బూట్లు తీసింది. ఒక్కోదాన్నీ పిట్టగోడకేసి మూడుసార్లు కొట్టింది. లోపల చెయ్యి పెట్టి, వేళ్ళ దాకా తడిమింది. తెచ్చి అత్త పాదాల ముందు పెట్టింది.

"వేసుకోండి అమ్మీ," అంది. "చూసిన. ఏం లేదు."